వంటింటి పాతర

మా ఆయన గురక పెడుతున్నాడు. పట్టపగలు, నేల కింద, రెండు నిలువుల లోతున, ఊరంతా చుట్టూ మూగి చూస్తుండగా గురక పెడుతున్నాడు. పాతికేళ్ల కాపురంలో ఆ గురకను తిట్టని రోజు లేదు నేను. అటు తిరిగి పడుకోవయ్యా, చెవులు చిల్లులు పడతన్నయ్, ఈ మోతకు దొంగలైనా మనింటికి రారు అని మోచేత్తో పొడిచేదాన్ని. ఇప్పుడు ఎవరైనా నోరు తెరిస్తే ఆ చప్పుడు ఎక్కడ వినపడకుండా పోతుందోనని అందరి మీదా కళ్లెర్రజేస్తున్నాను. పెట్టవయ్యా, పెట్టు, ఆపకు, నీ గురక చల్లగుండ. ఎండ నెత్తిని మాడుస్తోంది. నా కుడిచేతిలో నా కొడుకు రాయప్ప మణికట్టు ఉంది. ఎంతసేపటి నుంచి పట్టుకున్నానో తెలియదు. వాడు ఒకసారి విదిలించాడు, నేను వదల్లేదు. ఇంకోసారి విదిలించలేదు. చూడండి, నేను ఏడవడం లేదు, అందుకే అమ్మలక్కలు ఒకరి చెవిలో ఒకరు గుసగుసలాడుకుంటున్నారు. ఏడిస్తే ఆ గురక నాకు వినపడదని వాళ్లకెవరు చెప్పాలి.

హనుమయ్య శెట్టి పాత ఇల్లు పడగొట్టి కొత్తది కట్టుకుంటున్నాడు, మేం పునాది కాలవలు తవ్వుతున్నాం. ఆయన పలుగు, రాయప్ప పార, నేను తట్ట. వంటిల్లు ఉన్నచోట కాలవ నడుముల లోతు దిగింది. రాయప్ప నాకు తట్ట ఎత్తి నీళ్ల కుండ దగ్గరికి పోయాడు. నేను మట్టి మోసుకుపోయి కుప్ప మీద బోర్లించి, తలగుడ్డ సర్దుకుని వెనక్కి తిరిగేసరికి మనిషి లేడు. పలుగు ఉంది, మనిషి లేడు. మొదట నేను ఏమనుకున్నానో తెలుసా, బీడీకి పోయాడనుకున్నాను, తిట్టడానికి నోరు కూడా తెరిచాను. అప్పుడు చూశాను, కాలవ అడుగున నల్లగా బొక్క, దాని అంచు నుంచి మట్టి జారుతూ ఉంది, మెత్తగా, జల్లెట్లో పిండి జారినట్టు. పుల్లగా, కుళ్లిన కుడితి లాంటి వాసన కొట్టింది. ఆ వాసన నాకు తెలుసు. తెలుసు కాబట్టే ముందు మొగుడి కోసం అరవలేదు నేను, ముందు కొడుకు చెయ్యి పట్టుకున్నాను.

పాతర. జొన్నలు దాచుకునే పాతర. మా పల్నాటిలో పాతర లేని పాత ఇల్లు ఎక్కడుంది? కడవ లాగా తవ్వుతారు, మెడ సన్నం, కడుపు వెడల్పు, లోపల చుట్టూ గడ్డితో పేనిన వెంటి పేర్చి, జొన్నలు పోసి, మూతి మీద నాపరాయి పలక వేసి మట్టి కప్పి పేడతో అలికేస్తారు. పైన పిల్లలు ఆడుకుంటారు, ఎద్దును కట్టేస్తారు, కింద గింజలున్నట్టు పరాయివాడికి తెలియదు. యుద్ధంలో తాసీల్దారు మనుషులు జొన్నలు కొలవడానికి వచ్చినప్పుడు ఎన్ని పాతర్లు అలా నోరు మూసుకున్నాయో లెక్కే లేదు. యుద్ధం అయిపోయింది గాని గింజల మీద సర్కారు కంట్రోలు పోలేదు, దాపరికమూ పోలేదు. అందుకే పాత ఇంటి జాగాలో పలుగు వెయ్యాలంటే మా ఆయన ముందు రోకలి తీసుకునేవాడు. జానెడు జానెడుకీ నేలను దంపుతూ, తల పక్కకు వంచి వినేవాడు. అనుమానమైతే చిన్న గుంట చేసి చెంబెడు నీళ్లు పోసి ఎంతసేపటికి ఇంకుతాయో చూసేవాడు. డొల్ల ఉందని తేలిన చోట ముగ్గు గీసి, ఆ ముగ్గు చుట్టూ పలుగు ముట్టకుండా పారతో కొద్దికొద్దిగా గీకి, మూత తీసి, రెండు రోజులు నోరు తెరిచి వదిలేసి, ఆ తరవాతే మట్టితో పూడ్చేవాడు. అడగందే అమ్మైనా పెట్టదు, అడగందే నేల మాత్రం ఎందుకు చెప్పిద్దే అనేవాడు. నేనేమో, నువ్వు నేలతో ముచ్చట్లాడతా కూర్చో, పక్కవీధోళ్లు అప్పుడే పునాది లేపేశారు అని ఎత్తిపొడిచేదాన్ని. ఎత్తిపొడుపు మాటలే గానీ మనసులో నాకూ ఆ దంపుడే ధైర్యం.

ఇక్కడా దంచాడు. ఇల్లంతా దంచాడు, పెరడు, పశువుల కొట్టం, వసారా, నడవ. హనుమయ్య శెట్టి మూడు పాతర్లు చెప్పాడు, మూడూ తేలాయి, మూడూ పూడ్చాం. వంటిల్లు ఒక్కటి దంచలేదు. అప్పటికింకా దాంట్లో వంట చేసుకుంటున్నారు, దేవుడి మందసం కూడా అందులోనే ఉంది. మమ్మల్ని ఆ గడప తొక్కనివ్వరు, అడగడానికి కూడా మాకు నోరు రాదు. నిన్న పొయ్యి తీసేశారు, మందసం అద్దింటికి మోసుకుపోయారు, కప్పు దించారు, గోడలు పడ్డాయి. గోడలు పడ్డాక ఆ చోటు మాది. ఈ పొద్దున మా ఆయన రోకలి అడిగాడు, నా చెవులతో విన్నాను. వంటింట్లో కొట్టలేదు గదయ్యా, ఒక్కసారి చూసుకుంటా అన్నాడు. హనుమయ్య శెట్టి గొడుగు నీడలో నిలబడి, ముహూర్తం నెత్తిన పెట్టుకుని కొట్టుడేందిరా చిన్నప్పా, నేను పుట్టిన ఇల్లిది, నాకు తెలీని పాతర ఉంటదా ఈడ అన్నాడు. అంతే. శెట్టి చెడ్డవాడు కాదు. తెలియనిదాన్ని తెలుసనుకున్నాడు. ఇప్పుడు ఆ గొడుగు ముడిచి చంకలో పెట్టుకుని ఎండలోనే నిలబడ్డాడు, చూస్తే జాలేస్తుంది, నాకు జాలి పడే తీరిక లేదు.

గురక పెడుతున్నాడు. ఒక గురక, మళ్లీ ఒక గురక. మధ్యలో ఎడం ఉంది, ఇంటి దగ్గర ఇంత ఎడం ఉండేది కాదు.

యేసుపాదం నులక మంచం మీద కక్కుకుంటున్నాడు. మా పక్కింటివాడు, మాది ఆర్‌సీఎం చర్చి, వాళ్లది బాప్టిస్టు, ఆదివారం దారులు వేరైనా పలుగు పట్టే చోట ఒక్కటే. ఆయన పడ్డాడని వినగానే పరుగున వచ్చి మోకు నడుముకు కట్టుకుని ఆ బొక్కలో కాళ్లు పెట్టాడు. భుజాల దాకా దిగి, తల దిగి, అబ్బ అన్నాడు, అంతే, తల వాలిపోయింది. గుంజి పైన పడేసేసరికి పెదాలు నేరేడుపండు రంగు. బతికాడు, నడుముకు మోకుంది గనక బతికాడు. ఆ తరవాత బావులు తవ్వే మహమూద్ వచ్చాడు. వస్తూనే అందర్నీ బూతులు తిట్టి వెనక్కి నెట్టాడు, అంచు బీటలిచ్చింది, మీరంతా కలిసి ఆయన నెత్తిన మట్టి పోస్తన్నారు అన్నాడు. పడగొట్టిన ఇంటి తలుపులు తెప్పించి కాలవ మీద అడ్డంగా పరిపించాడు, బరువంతా ఒక్కచోట పడకుండా. శెట్టి కోడలు జయలక్ష్మి అద్దింటి నుంచి లాంతరు తెచ్చిచ్చింది. తాడు కట్టి దించాడు. బొక్క దాటి మూరెడు పోయిందో లేదో, ఎవరో ఉఫ్‌మని ఊదినట్టు ఆరిపోయింది.

"దీపం బతకని చోట మనిషి బతకడు," అన్నాడు మహమూద్. "దీపం నిలబడేదాకా ఎవడూ దిగేది లేదు. దిగాలంటే నన్ను చంపి దిగండి."

"మరి మా నాన బతికే ఉండాడు గదా మామా. గురక ఇనపడటంలా?" అన్నాడు రాయప్ప.

లోపల మట్టికుప్ప మీద పడ్డాడేమో, కాస్త ఎత్తులో ఉండాడేమో, బొక్కలోంచి పోయిన గాలి కొంచెం అందతందేమో అని గొణిగాడు మహమూద్. ఎంతసేపు అందిద్దో చెప్పలేదు. రాయప్పను చూడలేదు, నన్ను చూశాడు.

వేపకొమ్మలు కట్టగట్టి తాడుతో దించుతున్నారు, లాగుతున్నారు, చల్ల చిలికినట్టు ఆ గాలిని చిలుకుతున్నారు. పక్కనుంచి బిందెలతో నీళ్లు జల్లుతున్నారు, నీళ్లు పడితే చెడ్డగాలి అణుగుతుందట. నీళ్లు. ఆయనకు నీళ్ల మీద ఎంత ఇదో. చెంబెడు నీళ్లు చల్లగా తాగి, ఆ ఖాళీ చెంబు బుగ్గకు ఆనించుకునేవాడు ఎండాకాలం. అదేం సరదానయ్యా అంటే, తాగింది లోపల, ఇది పైన అనేవాడు. ఇవాళ పొద్దున జొన్నన్నంలో చల్ల పోశాను, పులిసింది అన్నాడు, పులిస్తే నీ అమ్మ చేత పోయించుకో అన్నాను. ఆమె పోయి ఎన్నేళ్లయిందని. నవ్వాడు. నా నోరు అంతే, నోరు మంచిదైతే ఊరు మంచిదని నాకు ఎంతమంది చెప్పారో. ఆయన ఒక్కడే ఎప్పుడూ చెప్పలేదు. నీ నోట్లో మాట ఉంది, కడుపులో లేదులే అనేవాడు. అది నిజమో కాదో గాని అట్లా అనేవాడు ఇంకెవడు దొరుకుతాడు నాకు. అయ్యో, అప్పుడే లేనట్టు అనుకుంటున్నానేంటి. గురక వినపడుతోందిగా. మరియమ్మ తల్లీ, మంగళవార్త జపం మొదలుపెడితే సగంలో మరిచిపోతున్నాను, మళ్లీ మొదటికొస్తున్నాను, నువ్వే పూర్తి చేసుకో తల్లీ.

"అమ్మా." రాయప్ప. గొంతు తగ్గించాడు, చిన్నప్పుడు ఏదైనా కావాలంటే ఇట్లాగే తగ్గించేవాడు. "అమ్మా, నడుముకు మోకు కట్టుకుని దిగుతా. ఊపిరి బిగబట్టుకుని దిగి, నానకు ఒక ముడి ఏసి వస్తా. ఆళ్లు నా మాట ఇనరు. నువ్వు ఊఁ అంటే మహమూద్ మామ కూడా ఆపడు. ఒక్క మాట అనవే."

ఒక్క మాట. ఊరంతా నా నోటి వైపు చూస్తోంది. నోరు ఆడించకుండా పూట గడవని ఫిలోమినా ఏమంటుందా అని. వాడు అన్నది జరగరానిది కాదు. దిగితే రావచ్చు. ముడి వేసి ఇద్దరూ రావచ్చు. ఆ సన్నటి బొక్కలో అంచు విరిగి ఇద్దరి మీదా పడవచ్చు, ముడి వేస్తుంటే ఊపిరి జారవచ్చు, మోకు రాయికి ఒరుసుకోవచ్చు. అవునేమో, కాదేమో. తక్కెడలో అటో ఇటో వెయ్యమంటున్నాడు నన్ను నా కొడుకు, వాళ్ల నాన్న గురక నాకు వినిపిస్తుండగా.

"వద్దు," అన్నాను. "పోతే పోయేది ఒక్కడే పోతాడురా."

అబ్బో, ఆ మాటకు అమ్మలక్కలు నోళ్లు నొక్కుకున్నారు. ఎవరో ఆడదేనా ఇది అన్నారు కూడా, వినపడాలనే అన్నారు. అననీ. వీళ్లలో రేపు సంగటి ముద్ద నా నోట్లో పెట్టేది ఎవరు. కోడలు ఆరోగ్యమ్మ పురిటికి వినుకొండ వెళ్లింది, కడుపులో బిడ్డ కోసం కొడుకును ఆపిందని రేపు మంచిగా చెప్పుకుంటారేమో. అదీ కాదు. ఆ బిడ్డ నాకింకా ఎవరో తెలియదు. వీడి కోసం ఆపాను, వీడు నాకు తెలుసు గనక.

మా అమ్మ ఆపలేదు. మా పుట్టినూరు అచ్చంపేట పక్కన, ఏటి వొడ్డు. నాకప్పుడు పరికిణీ కట్టే వయసు. ఆసామి పాతర శుభ్రం చెయ్యడానికి మా నాన్న దిగాడు, మూత తీసిన పూటే దిగాడు, తొందర. పైకి రాలేదు. మా అన్న ఇన్నాసి నాన్నా నాన్నా అని మూతి చుట్టూ తిరుగుతున్నాడు, దూడ తిరిగినట్టు. మా అమ్మ పాపమ్మ గుండెలు బాదుకుంటూ, దిగరా నాయనా, మీ నాన కోసం దిగరా అంది. అంది. నేను పక్కనే ఉన్నాను. దిగాడు. ఇద్దర్నీ ఒకేసారి తీశారు, ఒకరి మీద ఒకరు. ఆ వాసనే ఇది, పుల్లటి కుడితి వాసన. మా అమ్మ ఆ తరవాత చానాకాలం బతికింది, బాగానే తింది, బాగానే పనిచేసింది, కానీ కనపడ్డవాణ్ణల్లా ఒకటే అడిగేది. నేను అనకపోయినా దిగేవోడే గదా? దిగేవోడేలే పాపమ్మత్తా అనేవాళ్లు అందరూ. అట్లాగే అనాలని పిల్లలం మాకూ నేర్పారు. చర్చి స్వాములవారిని అడిగేది, చల్ల అమ్మే మనిషిని అడిగేది, దారినపోయే బండివాణ్ణి ఆపి అడిగేది. నన్ను చూసుకోవడానికి వచ్చిన రోజున చిన్నప్పను కూడా అడిగింది. మావాళ్లంతా తలకాయలు దించుకున్నారు. ఆయన కాసేపు ఆలోచించి, ఏమో అత్తా, నేను ఆడ లేను గదా అన్నాడు. మా అమ్మ నన్ను వాడికే ఇచ్చి చెయ్యాలంది. అల్లుళ్లందరిలో ఆయనకే పెద్ద ముద్ద పెట్టేది. అబద్ధం ఆడనివాడు ఒకడు దొరికాడని నాకూ సంబరంగానే ఉండేది, పైకి చెప్పలేదు.

మళ్లీ లాంతరు దించాడు మహమూద్. ఈసారి బొక్క దాటి కాస్త కిందికి పోయింది, అందరూ ఊపిరి బిగబట్టారు, మంట పొట్టిదై నీలంగా మారి ఆరిపోయింది. ఇంకొంచెం చిలకండిరా, చేతులు ఊడిపోయినయ్యా అని అరిచాడు. బావిలో పడ్డ చేదలు తీసే గాలం తెచ్చారు. కొక్కేలున్న ఆ గాలాన్ని చూసి కూడా వెయ్యమన్నాను, ఏదో ఒక గుడ్డకు తగులుకుంటే చాలు, గాయమైతే కట్టు కట్టుకుందాం. తిప్పి తిప్పి లాగితే ఆయన తలగుడ్డ వచ్చింది. ఎర్ర అంచు తలగుడ్డ, చెమటకు తడిసి ఉంది. మళ్లీ వేస్తే అంచు విరిగి తట్టెడు మట్టి లోపల పడింది, గురక కాసేపు ఆగి, దగ్గినట్టు ఏదో చప్పుడై, మళ్లీ మొదలైంది. మహమూద్ గాలం అవతల పారేశాడు. తలగుడ్డ నా ఒళ్లో వేశారు. నేను దాన్ని పిండలేదు, ముక్కుకు ఆనించుకోలేదు, ఒళ్లో అలాగే ఉంది. ఒక చేతిలో కొడుకున్నాడు, రెండో చెయ్యి ఎందుకో పనిచెయ్యడం లేదు.

మనుషులు పక్కకు జరుగుతున్నారు. హనుమయ్య శెట్టి తల్లి సుబ్బరత్నమ్మ గారు వస్తోంది, తెల్లచీర కొంగు నెత్తిన కప్పుకుని, ఎవర్నీ తాకకుండా నడవడం అలవాటైన మనిషి, ఇవాళ అందరికీ తగులుకుంటూ వస్తోంది. వచ్చి ఆ బొక్క వైపు చూసింది. నా ముందు నిలబడింది.

"ఏమే ఫిలోమినా," అంది. "అది నాదేనే."

"ఏందమ్మగారూ మీది?"

"ఆ పాతర. రుబ్బురోలు కింద. మా అత్త నాకు చెప్పింది. అత్త కోడలికే చెప్పాల, మగోళ్లకు చెప్పగూడదంది." కొంగు నెత్తి మీంచి జారింది, సర్దుకోలేదు. "రోజూ వంటకు తీసిన జొన్నల్లో పిడికెడు... పిడికెడే. కరువొస్తే పిల్లలకని."

ఒక ఆడదాని వయసంతా పిడికెడు పిడికెడు పోసింది అందులో. కరువు రాలేదో, వచ్చినా మగవాళ్ల పాతర్లే సరిపోయాయో, తీసే అవసరమే పడలేదు. నాలుగు వానలకు పైనుంచి నీళ్లు దిగి ఉంటాయి, గింజ మొలకెత్తి కుళ్లి, ఉడికి, ఊపిరాడని గాలై కూర్చుంది. కోడలికి చెప్పాల్సింది, కోడలితో మాటల్లేవు. జయలక్ష్మి అక్కడే నిలబడి అత్తను వింతగా చూస్తోంది, రోజూ ఆ రోట్లో రుబ్బిన మనిషి. అమ్మగారూ, పొద్దున చెబితే ఏం పోయేది అన్నాను. పెద్దగానే అన్నాను, రోకలి అడిగినప్పుడు మీరు ఎదురుగా అద్దింటి వసారాలోనే ఉండారు గదమ్మగారూ, ఇన్నారు గదా.

"హనుమయ్య ముందు ఎట్టా చెప్పనే? వాళ్ల నాయన గింజలు దొంగిలించి దాచినట్టు కాదూ?"

దొంగతనమట. పిడికెడు జొన్నల సిగ్గు. పోయిన మొగుడి దగ్గర సిగ్గుపడి బతికున్న నా మొగుణ్ణి పాతరలో వేసింది. నా నోటికి ఎన్ని తిట్లు వచ్చో, ఏ తిట్టు ఎవరికి అతుకుతుందో నాకంటే తెలిసినవాళ్లు ఈ చుట్టుపక్కల లేరు, ఒక్కటీ రాలేదు నోటికి. ఎందుకంటే మా ఇంట్లో ఉట్టి మీద మూడో కుండలో చింతపండు కింద కంది బద్దలున్నాయి, అవి చిన్నప్పకు తెలియవు. నేను చెప్పలేదు. ఏ ఆడది చెబుతుంది? మగవాణ్ణి అడిగి పాతర్లు లెక్కేసుకుంటారు, ముగ్గు గీసుకుంటారు, ఆడదాన్ని ఎవరూ అడగరు, అడిగితే మేమూ చెప్పం. ఆమె నా పక్కన మట్టిలో కూలబడింది. తెల్లచీర ఎర్రమట్టిలో. నా భుజానికి ఆమె భుజం తగిలింది, తీసుకోలేదు. నేను క్షమించలేదు, చెబుతున్నాను, అర్థమైంది, అంతే. రెండూ ఒకటి కాదు.

గురక ఎడమైంది. ఇందాక నాలుగడుగులు నడిచినంత ఎడం ఉండేది, ఇప్పుడు వీధి చివరి దాకా పోయి వచ్చేంత. వేపకొమ్మలు పట్టుకున్నవాళ్లు కూడా చేతులాపి వింటున్నారు, మహమూద్ వాళ్లను తిట్టడం లేదు. రాయప్ప మోకాళ్ల మీద నా ముందుకొచ్చాడు. వీడి కళ్లు ఆయనవే, ఆ కళ్లతో చూడొద్దురా.

"ఆగి ఆగి వత్తందే అమ్మా," అన్నాడు. "నీ కాళ్లు పట్టుకుంటా. ఇప్పుడన్నా చెప్పవే. మళ్లీ ఉండదే ఇది."

ఉండదని నాకు తెలియదా. గుర్ మని ఒకటి వచ్చింది. రాయప్ప మణికట్టు నా చేతిలో బిగిసింది. దిగరా అనే మాట నా నాలుక చివర ఉంది, అచ్చం మా అమ్మ గొంతుతోనే ఉంది, పళ్ల మధ్య దాన్ని కొరికి పట్టుకున్నాను, ఉప్పగా రక్తం తగిలింది. చిన్నప్పా. పేరు పెట్టి ఎప్పుడూ పిలవలేదు నిన్ను, ఇప్పుడు లోపల పిలుస్తున్నాను, విను. నువ్వే ఇక్కడ కూర్చుని నేను అందులో ఉంటే నువ్వేం చేసేవాడివి? ఏమో, నేను ఆడ లేను గదా అంటావు. చంపుతావు నన్ను నువ్వు. వద్దురా అని తల అడ్డంగా ఊపాను, నోరు తెరవలేదు, తెరిస్తే ఏ మాట వస్తుందో నాకే నమ్మకం లేదు. ఇంకొకటి వచ్చింది. చిన్నది. ఆ తరవాతి దాని కోసం చూశాం. అందరం చూశాం. కాకి ఒకటి మట్టికుప్ప మీద వాలి ఎగిరిపోయింది. యేసుపాదం మంచం మీద లేచి కూర్చున్నాడు. గురక రాలేదు. ఇంకొంచెం ఆగితే వస్తుందని నేను చాలాసేపు అనుకున్నాను, ఇంట్లో కూడా ఒక్కోసారి ఆగేది, నేను ఉలిక్కిపడి లేచి ముక్కు దగ్గర వేలు పెట్టేదాన్ని, అప్పుడు పెట్టేవాడు, పెట్టగానే మళ్లీ తిట్టేదాన్ని.

సుబ్బరత్నమ్మ గారు ఏడుస్తోంది. నాకు బదులు ఆమె ఏడుస్తోంది. రాయప్ప ఏడవడం లేదు, నన్ను చూస్తున్నాడు. వాడి చూపు నుంచి నా చూపు తిప్పుకోలేదు నేను, చూడనిచ్చాను. వీడు రేపటి నుంచి నన్ను ఇలాగే చూస్తాడేమో, నా చేతి కూడు తింటూ చూస్తాడేమో, వీడి బిడ్డను నా ఒళ్లో వేస్తూ కూడా చూస్తాడేమో. చూడనీ. చూడ్డానికి కళ్లున్నాయి గదా. మా అన్న కళ్లలో మట్టి పడి ఉంది ఆ రోజు, మా అమ్మ కొంగుతో తుడుస్తూనే ఉంది.

చిలికారు, నీళ్లు జల్లారు, తలుపులు ఇంకాస్త ముందుకు జరిపి మహమూద్ బోర్లా పడుకుని బొక్క అంచును చేత్తో ఒక్కో గడ్డ తీసి వెడల్పు చేశాడు. ఇప్పుడు తొందర లేదు గనక చక్కగా చేస్తున్నాడనిపించి వాణ్ణి నరికెయ్యాలనిపించింది, మరుక్షణం సిగ్గేసింది, వాడి మోచేతులు చీరుకుపోయి నెత్తురు కారుతున్నాయి. లాంతరు దించాడు. దిగింది. ఇంకా దిగింది. అడుగున పసుప్పచ్చగా నిలబడింది, నిలువుగా, ఇంట్లో గూట్లో పెట్టినట్టు. అందరూ అయ్యో అన్నారు. దీపం నిలబడితే అయ్యో అన్నారు. ఇంకాసేపటి ముందు ఎందుకు నిలబడలేదే నువ్వు, నీ దుంపతెగ, ఇప్పుడెవరి కోసం వెలుగుతున్నావు?

మహమూద్ నా దగ్గరకొచ్చాడు.

"చెల్లే, పిల్లోణ్ణి వదులు," అన్నాడు. "ఇప్పుడు దిగొచ్చు."

వేళ్లు రాలేదు. నేను వదులుతున్నాననే అనుకుంటున్నాను, వేళ్లు రావడం లేదు. మహమూద్, సుబ్బరత్నమ్మ గారు ఇద్దరూ ఒక్కో వేలు విప్పారు. రాయప్ప మణికట్టు మీద నా గోళ్లు దిగిన గుర్తులు, కందిపోయి, ఒకచోట తోలు లేచింది. వాడు దాన్ని చూసుకోలేదు. నడుముకు మోకు కట్టించుకుని, చంకల కింద ఇంకొకటి కట్టించుకుని, నిదానంగా దిగాడు, చెప్పినట్టు వింటూ దిగాడు. వాడి తల బొక్కలోకి పోయినప్పుడు నాకు కనపడకుండా ఎవరో అడ్డం నిలబడ్డారు, నెట్టేశాను. లోపలి నుంచి వాడి గొంతు వచ్చింది, గుంజండి అని. ముందు ఆయన వచ్చాడు. చంకల కింద మోకు, తల వెనక్కి వాలి, మీసాల నిండా జొన్న మొలకల పిప్పి. ఆయన్ను తలుపు చెక్క మీద పడుకోబెట్టారు. మహమూద్ గుండె మీద చెవి పెట్టాడు, ముక్కు దగ్గర అరచెయ్యి పెట్టాడు, లేచి టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. హనుమయ్య శెట్టి గోడ లేని చోట గోడకు ఆనుకోబోయి తూలిపడ్డాడు.

రాయప్ప పైకొచ్చాడు. మోకులు వాడే విప్పుకున్నాడు. వచ్చి వాళ్ల నాన్న పక్కన కూర్చుని, మీసాల మీది పిప్పిని ఒక్కొక్కటే ఏరి తీశాడు. తీయడం అయ్యాక నా చెయ్యి పట్టుకున్నాడు, ఇందాకటి నుంచి నేను వాణ్ణి పట్టుకున్న ఆ చెయ్యే. తీసుకెళ్లి ఆయన బనీను కింద, గుండె మీద పెట్టాడు. పెట్టి పైన తన చెయ్యి వేసి అదిమాడు.

"ఇంకా ఎచ్చగానే ఉండాడమ్మా," అన్నాడు.

"తెలుసురా," అన్నాను. "నిన్ను పట్టుకుని ఆపినప్పుడూ తెలుసు."